మోతకు వెళ్లిన సంచి

మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు. నేను చూసినంతలో మోసేవాడికి కూడా సగమే తెలుస్తుంది. రేవుల్లో, రైలు స్టేషన్లలో, కొండదారుల్లో బరువులు మోసే మనుషుల్ని ఎంతోమందిని దగ్గర నుంచి చూశాను. నుదుటికి పట్టీ వేసి వీపున మోసేవాళ్లు, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని మోసేవాళ్లు, భుజం మీద బద్ద వేసుకుని రెండు వైపులా వేలాడదీసేవాళ్లు. ఎవర్ని అడిగినా సామాను సంగతి చెప్పగలరు గాని ఒంటి సంగతి చెప్పలేరు. నడుం పట్టేస్తే మూట సరిగా కట్టలేదంటారు. మెడ లాగితే కుదురు పలచబడిందంటారు. తప్పెప్పుడూ సామానుదే. ఒంటి మీద అనుమానం రావడానికి కూడా కాస్త తీరిక ఉండాలి కాబోలు.

ఈ సంగతి నాకు ఒక సంచి మూలంగా బోధపడింది. ఇప్పుడది సముద్రాల అవతల ఒక పెద్ద నగరంలో, నున్నటి రాతిమెట్లున్న దుకాణంలో, అద్దం వెనక దీపం కింద కూర్చుని ఉంది. దాని పట్టీ భుజాన ఉన్నట్టే తెలియదని అక్కడి పత్రికలవాళ్లు మురిసిపోయారట. అబద్ధం కాదు. ఆ పట్టీని అలా తీర్చిదిద్దింది ఒక అక్క. ఎవరి భుజం మీద తీర్చిదిద్దిందో ఆ చెల్లెలి నొప్పి పట్టీలో లేదు, చెల్లెలిలో ఉంది. ఆ ముక్క తెలిసేసరికి పట్టీ బాగుపడింది. చెల్లెలు బాగుపడే రోజులు దాటిపోయాయి.

సందు మలుపులో, ఒకప్పుడు టైర్ల గోదాముగా ఉన్న పొడుగాటి గది వాళ్ల కార్ఖానా. దాని పైన రెండు గదుల్లో వాళ్ల కాపురం. ఆ పైన డాబా మీది ఒంటి గదిలో కొన్నాళ్లు నేను అద్దెకున్నాను. కింద గదిలో అడుగుపెడితే ముందు జిగురు వాసన, ఆ వెనక తోలు వాసన, చివరికి మిషను నూనె వాసన, ఎప్పుడూ అదే వరసలో పలకరించేవి. మధ్యన రేకు పరిచిన పెద్ద బల్ల. గోడకు మేకులు, మేకులకు అట్ట నమూనాలు. ఒక్కో మేకుకు ఒక్కో సంచి, కీళ్లు విప్పేసిన మనిషిలా ముక్కలు ముక్కలుగా వేలాడేది. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని వెనక మిషను బాబాయ్. ఆయన ఎవరికీ వరసకు బాబాయ్ కాదు, అందరికీ బాబాయే. నోట్లో దారం ముక్క లేకుండా ఆయన్ని నేను చూడలేదు.

అక్కను వీధిలో సంచులమ్మ అనేవారు. బొమ్మలు గీయడం చదువుకుంది. ఒక పెద్ద కంపెనీలో బెల్టులూ పర్సులూ చేతిసంచులూ గీసి గీసి, తన గీతల కింద ఇంకొకరి పేరు చూసి చూసి, ఒకనాడు స్కేలు బల్ల మీద పెట్టేసి బయటికొచ్చేసిందట. సన్నగా, పొడుగ్గా, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉండేది. మాట తక్కువ. కొత్తవాళ్లు కనిపిస్తే ముఖం చూడదు, భుజాలు చూస్తుంది. గది అద్దెకు అడగడానికి వెళ్లినప్పుడు నాతో ఆమె అన్న మొదటి మాట, "మీ ఎడమ భుజం దిగుడు. ఎప్పుడూ ఒకే వైపు మోస్తారా?"

చెల్లెలు అందుకు పూర్తిగా తిరగేసిన అచ్చు. పొట్టిగా, గుండ్రంగా, గడపలో అడుగుపెట్టకముందే గొంతు లోపలికొచ్చేది. ఇల్లిల్లూ తిరిగి నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగం ఆమెది. అందుకని వీధిలో ఆమె పేరు మీటరు. నోరు కూడా అలాగే తిరుగుతుందని ఇంకో కారణం చెప్పేవారు. ఒకసారి పెళ్లి చేసుకుని వెళ్లి, పొసగక, ఒక పెట్టెతో అక్క దగ్గరికి తిరిగొచ్చేసింది. ఎవరైనా ఆరా తీస్తే, "సైజు సరిపోలేదండి, వాపసు ఇచ్చేశా" అని నవ్వేసేది. ఆ తర్వాత ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కారు.

ఇక్కడ కాస్త పక్కదారి పట్టాలి. ఆడవాళ్ల బట్టలకు సరైన జేబులుంటే ఈ సంచుల వ్యాపారంలో సగం ఉండేదే కాదు. ఎక్కడో చదివాను, ఒకప్పుడు కొన్ని దేశాల్లో జేబంటే బట్ట లోపల నడుముకు తాడుతో కట్టుకునే చిన్న తిత్తి అట. మగవాళ్ల తిత్తిని దర్జీ బట్టకే కుట్టేశాడు. ఆడవాళ్లది మాత్రం బయటికి వచ్చి, చేతికెక్కి, భుజమెక్కి, చివరికి ఫ్యాషనై కూర్చుంది. ఈ సంగతి నేను చెబితే మీటరు పకపకా నవ్వి, "అంటే దర్జీ బద్ధకం మా అక్కకి బువ్వ పెడుతోందన్నమాట" అంది. అక్క నవ్వలేదు. పెన్సిలు తీసి అట్ట మీద నడుముకు కట్టే తిత్తి ఒకటి గీయడం మొదలుపెట్టింది. ఆమె అలాంటి మనిషి. ఏం చెప్పినా అది సంచిలోకి పోవాల్సిందే.

ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. కొత్త సంచి ఏదైనా సరే, కుట్టగానే అమ్మకానికి పోదు. ముందు మోతకు వెళ్లాలి. అంటే ఒక మనిషి ఆ సంచిని నిజమైన సామానుతో, నిజమైన ఎండలో వానలో మోసి రావాలి. మోత నుంచి తిరిగి వచ్చాకే దానికి మోక్షం. ఆ మోసే మనిషి మీటరే. మీటరు చదివే యంత్రం, టార్చిలైటు, నీళ్ల సీసా, గొడుగు, కుక్కల కోసం బిస్కెట్లు, ఇవన్నీ అక్క కుట్టిన కొత్త సంచిలో వేసుకుని ఊరంతా తిరిగేది. మెట్లెక్కేది, గోడల పక్కకు ఒరిగి దూరేది, గుంటల్లోకి వంగేది. సాయంత్రం వచ్చి తీర్పు చెప్పేది. పట్టీ అంగుళంలో సగం అటూ ఇటూ అయినా ఆ భుజం పట్టేసేది. ఆ భుజం అబద్ధం ఆడదని అక్కకు గట్టి నమ్మకం. కంపెనీలో కొలతల యంత్రాలు చూసొచ్చిన మనిషి, వాటన్నిటికంటే చెల్లెలి భుజాన్ని నమ్మేది.

ఆ సాయంత్రాలు చూడముచ్చటగా ఉండేవి. అక్క బల్ల దగ్గరి నుంచి తలెత్తకుండానే అడిగేది.

"ఏమేవ్, ఏం చెప్పింది నీ భుజం?"

"చెప్పడమేంటి, తిట్టింది. నిన్నూ, నీ పట్టీనీ, నిన్ను కన్నవాళ్లనీ."

"నన్ను కన్నవాళ్లూ నిన్ను కన్నవాళ్లూ వేరా?"

"అందుకే చివర్లో గొంతు తగ్గించింది."

మిషను బాబాయ్ నోట్లోంచి దారం జారిపోయేలా నవ్వేవాడు.

తర్వాత సముద్రం దాటి వెళ్లిన ఆ సంచి మొదటిసారి మోతకు వెళ్లినప్పుడు చాలా మామూలు సంచి. ముదురు గోధుమ రంగు, సన్నటి పట్టీ, నొక్కితే తెరుచుకునే గొళ్లెం. కొన్ని రోజులకు మీటరు వచ్చి, కుడి భుజం పైన, మెడకు దగ్గరగా, వేలితో చూపించింది.

"ఇక్కడ కొరుకుతోందే. చీమ కాదు, ఎలక."

అక్క పట్టీ వెడల్పు చేసింది. ఇంకా కొరుకుతోందంది. కింద మెత్తటి తోలు వేసింది. మొదట బాగుందంది, వారం తిరిగేసరికి మళ్లీ అదే మాట. దారం బిగువు ఎక్కువై ఉంటుందని బాబాయ్ తన కుట్టునే అనుమానించి అంతా విప్పి మళ్లీ కుట్టాడు. వీధిలోవాళ్లు తలగడ మార్చమన్నారు. మీటరు తలగడ మార్చింది. అక్క పట్టీ మార్చింది. ఎవరి పని వాళ్లు చేశారు.

తర్వాత నొప్పి కిందికి దిగింది. భుజం నుంచి చెయ్యి లోపలి వైపుగా మోచేతి దాకా, అక్కడి నుంచి చిటికెన వేలి దాకా జిల్లుమంటోందని చెప్పింది. ఇంకెవరైనా అయితే ఏమనుకునేవారో తెలియదు. సంచులమ్మ మాత్రం దాన్ని గీతల్లో చదివింది. బరువు ఒక దిక్కుకు లాగుతోంది, పట్టీని సంచికి కలిపే కడియం స్థానం తప్పు, అందుకే లాగుడు చేతిలోకి పోతోంది అని తేల్చింది. కడియాన్ని వెనక్కి జరిపింది. పట్టీని భుజం వంపుకు తగ్గట్టు కొద్దిగా వంచి కత్తిరించింది. అలా వంచి కోయాలంటే తోలు బోలెడు వృథా అవుతుంది, ఎవరూ చేయరు. ఆమె చేసింది. ఒక ఆదివారమంతా చెల్లెల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, భుజం మీద తడి గుడ్డా అట్టా వేసి, శిల్పి రాతిని తడిమినట్టు తడుముతూ కొలత తీసింది.

"కితకితలు పెట్టకే."

"కదలకు. ఎముక దొరకడం లేదు."

"ఎలా దొరుకుతుంది, నీ పెరుగుదలంతా ఎముకలోకి, నాదంతా కండలోకి పోయింది. పంచుకున్నాం కదా."

కొలత తీసేటప్పుడు ఆ వేళ్లు ఎక్కడెక్కడ ఆగాయో తర్వాత అక్క నాకు చూపించింది. మెడ ఎముక పైన ఉన్న గుంట దగ్గర కాస్త గట్టిగా తగిలిందట. కండ పట్టేసిందనుకుందట. దాన్ని తప్పించేలా పట్టీలో పలచటి పల్లం ఒకటి చేసింది. ఆ పల్లాన్నే తర్వాత విదేశీ పత్రికలు తెగ పొగిడాయి.

ఆ తర్వాత మీటరు చేతిలో పట్టు తగ్గింది. గొళ్లెం నొక్కలేకపోతున్నానని, నీ గొళ్లానికి పహిల్వాను కావాలని ఎగతాళి చేసింది. అక్క నొక్కుడు గొళ్లెం తీసేసి అయస్కాంతం పెట్టింది. వేలితో అలా తాకితే తెరుచుకుంటుంది, వదిలితే చప్పుడు లేకుండా మూసుకుంటుంది. సంచి రోజురోజుకీ అందగత్తె అవుతోంది. ఆ ఇంట్లో జబ్బు ముదురుతున్న కొద్దీ ఆ సంచి నయమవుతూ వచ్చింది. ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

ఆ రోజుల్లోనే ఏజెంటు వచ్చాడు. చిన్న చిన్న కార్ఖానాలు తిరిగి బయటి దేశాల దుకాణాలకు సరుకు చూపించే మనిషి. మాటకు ముందొకటి వెనకొకటి మేడమ్ తగిలించేవాడు. బల్ల మీదున్నవన్నీ తిప్పి చూసి, ఏదీ నచ్చక, మోత నుంచి అప్పుడే వచ్చి మేకుకు వేలాడుతున్న ఆ సంచిని తీసి భుజాన వేసుకుని, అలా మాట్లాడుతూ, ఫోన్లో ఎవరితోనో వాదిస్తూ, సెలవు తీసుకుని, సంచితో సహా గడప దాటేశాడు.

"సార్, మా సంచీ!" అని బాబాయ్ కేక పెట్టాడు.

ఏజెంటు ఆగి, భుజం వైపు చూసుకుని తెల్లబోయాడు. "అరెరే, ఉన్నట్టే తెలియలేదు మేడమ్!"

అందరూ విరగబడి నవ్వారు. మీటరు కూడా నవ్వింది, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుని. ఏజెంటు ఆ మాటనే పట్టుకున్నాడు. విదేశంలో పెద్ద ప్రదర్శన జరగబోతోందనీ, తోలు సామాను కొనే మహామహులంతా అక్కడికి వస్తారనీ, ఈ సంచి అక్కడ ఉండి తీరాలనీ చెప్పి, అదే సంచిని, మీటరు చెమట ఇంకిన ఆ నమూనానే, గుడ్డలో చుట్టించుకుని తీసుకెళ్లాడు.

అతను వెళ్లాక అక్క అడిగింది. "నిజం చెప్పు. ఇప్పుడు కూడా కొరుకుతోందా?"

"లేదక్కా. పట్టీ దగ్గర లేదు. లోపలికి పోయింది."

"లోపలికంటే?"

"లోపలికంటే లోపలికే. నీ పట్టీ పాసైపోయింది, ఇక నన్నొదిలెయ్."

అక్కకు పాసైపోయింది అన్న మాట ఒక్కటే వినిపించింది. ఆ సాయంత్రం ఆమె ముఖంలో వెలుగు నేనూ చూశాను. అన్నేళ్ల పనికి అదే మొదటి వెలుగు, కాదనడానికి లేదు.

చివరికి బయటపెట్టింది కనురెప్ప. మీటరు కుడి కనురెప్ప వాలిపోసాగింది. ఒక కన్ను నిద్రపోతూ ఒక కన్ను మేలుకున్నట్టు. ఇంకో వింత, ఎండలో తిరిగొస్తే ముఖం ఎడమ సగమే చెమట పట్టేది, కుడి సగం పొడిగా ఉండేది. మీటరు దాన్ని కూడా నవ్వులాటకు తిప్పింది. "సగం ముఖానికి నీళ్ల కనెక్షన్ పీకేశారు." కానీ రెండు వైపులా సమంగా ఉండాల్సింది సమంగా లేకపోతే సంచులమ్మ కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది. పెన్సిలు చేతిలో పట్టుకుని చెల్లెలి ముఖాన్ని చాలాసేపు చూసింది. కనురెప్పకు పట్టీ వేయలేదు. గొళ్లెం మార్చలేదు. పెన్సిలు కింద పెట్టి, "పద" అంది.

ఆసుపత్రిలో ఆడ డాక్టరు, చిన్న వయసు. చెల్లెలి రెండు కళ్లలోకి దీపం వేసి చూసింది, చేతులు పిడికిలి బిగించమంది, మెడ ఎముక పైన వేళ్లు పెట్టి నొక్కింది. బాబాయ్, నేను తలుపు దగ్గర నిలబడ్డాం.

"భుజం నొప్పి ఎప్పటినుంచి?"

చెల్లెలు అక్క వైపు చూసింది. లెక్క అక్క దగ్గరే ఉంటుంది కదా.

"మొదటి పట్టీ నుంచి," అంది అక్క.

"మొదటి పట్టీ అంటే?"

అక్క చెప్పింది. సన్న పట్టీ, వెడల్పు పట్టీ, మెత్త పట్టీ, వంపు పట్టీ, అయస్కాంతం. చెబుతూ చెబుతూ ఆమె గొంతు నెమ్మదించింది. ఒక్కో పట్టీ పేరు పలికేకొద్దీ, అది దేని పేరో ఆమెకే తెలిసివస్తోంది. మధ్యలో ఆగింది. డాక్టరు రాయడం ఆపి చెల్లెల్ని అడిగింది.

"సంచి దించేశాక కూడా నొప్పి ఉండేదా?"

"ఉండేదండి. పొద్దస్తమానం మోసిన నొప్పి కదా, దిగడానికి టైం పడుతుందనుకున్నాం."

"సెలవు రోజుల్లో?"

"ఉండేది. పాత బాకీ అనుకున్నా."

ఊపిరితిత్తి పైకొనలో గడ్డ. అక్కడున్న నరాల్ని పట్టుకుంది, పక్కటెముకలోకి పాకింది. ఆ చోటు అలాంటిదనీ, దగ్గు రాకముందే భుజం నొప్పి వస్తుందనీ డాక్టరు చెప్పింది. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని అక్క అడిగింది. "చెప్పలేను. చేయడానికి ఇంకాస్త ఉండేది," అని డాక్టరు కిటికీ వైపు చూసింది. ఆవిడ మంచి మనిషే. అంతకంటే మంచిగా ఆ మాట చెప్పడానికి వీలుండదు.

ఆ తర్వాతి నెలలు వైద్యం పేరుతో గడిచాయి. ఆసుపత్రి గదిలో గోడలు లేత ఆకుపచ్చ, కిటికీ కింద కార్ల షెడ్డు రేకు. మీటరు బరువు తగ్గింది, జుట్టు పోయింది, నోరు మాత్రం ఉంది. నర్సులకు పేర్లు పెట్టింది. సెలైను సీసాను చూసి, "ఇదిగో, నా ఉద్యోగమే. బొట్లు లెక్కపెట్టడం" అనేది. కుడిచేయి దిండు మీద పెట్టుకుని ఉండేది, అది తనది కానట్టు.

ఒక మధ్యాహ్నం ఏజెంటు ఫోను ఆ గదిలోకే వచ్చింది. ప్రదర్శనకు ఆ సంచిని ఎన్నుకున్నారు. పెద్ద దుకాణం ఒకటి బోలెడన్ని కావాలంటోంది. అక్కను అక్కడికి రమ్మంటున్నారు. విమానం, హోటలు, అన్నీ వాళ్లవే.

"రానండి," అంది అక్క.

"ఏంటి రానండి?" అని మంచం మీది నుంచి చెల్లెలు. "ఆ ఫోనిలా ఇవ్వు."

"నువ్వూరుకో."

"నేనెందుకూరుకుంటా? నా భుజం ఎలాగూ విమానం ఎక్కదు. దాని కొలతైనా ఎక్కనీ."

ఫోనులో ఏజెంటు ఇంకో మాట అడిగాడు. ఈ పట్టీ ఆలోచన ఎలా వచ్చిందని దుకాణం వాళ్లు తెలుసుకోవాలంటున్నారు మేడమ్, కొనేవాళ్లకు కథ కావాలి. అక్క మంచం వైపు చూసి, "మా చెల్లెలికి భుజం నొప్పి" అంది. అవతల ఏజెంటు ఉప్పొంగిపోవడం మా అందరికీ వినిపించింది. "అద్భుతం మేడమ్! ఇంకేం కావాలి!"

ఫోను పెట్టేశాక అక్క గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"నేను చూస్తూనే ఉన్నా కదే. రోజూ చూశా. పట్టీనే చూశా."

మీటరు ఎడమ చేత్తో దిండు మీది కుడిచేతిని సర్దుకుంది. తర్వాత మెల్లగా అంది.

"నా పనేంటో తెలుసుగా నీకు. నీళ్లబిల్లు ఎక్కువొచ్చిందని ఎవరైనా ఏడిస్తే ఏం చెప్పేదాన్ని? కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి, అప్పుడు కూడా ముల్లు తిరుగుతోందంటే లోపలెక్కడో పైపు పగిలిందని. ఊరందరికీ చెప్పా. నేను సంచి దించి ఒక్కసారి చూసుకోలేదు. నువ్వు పట్టీ చూశావు, నేనూ పట్టీనే చూశా. ఇద్దరం గుడ్డివాళ్లమే. నువ్వొక్కదానివే ఏడిస్తే నాకు అన్యాయం."

"ఏడవట్లేదు."

"మరి ముక్కు తుడుచుకో. నర్సు చూస్తే నీకూ మంచం వేస్తుంది."

అక్క ప్రదర్శనకు వెళ్లలేదు. సంచి ఒక్కటే అక్కడ ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచిన రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి కూడా సరిగా వెలగలేదు. చెల్లెలు వానలు మొదలవుతుండగా, ఒక ఉదయం, నర్సు దుప్పటి మారుస్తుండగా పోయింది. చివరి మాటలంటూ ఏమీ లేవు. ముందు రోజు సాయంత్రం కార్ల షెడ్డు రేకు మీద చినుకుల చప్పుడు విని, "ఎవరో కుళాయి వదిలేశారు" అందట. అది నవ్వులాటో, మందుల మత్తో అక్కకు కూడా తెలియదు.

ఏజెంటు వచ్చి సంతాపం చెప్పాడు. నిజంగానే బాధపడ్డాడు, అతన్ని తప్పుపట్టను. వెళ్లబోతూ, సంచితో పాటు ఇచ్చే కార్డు మీది మాటలు చదివి వినిపించాడు. నొప్పితో బాధపడే చెల్లెలి కోసం, ప్రేమతో, ఎన్నోసార్లు కుట్టి విప్పి, ఒక అక్క చేసిన పట్టీ ఇది అని ఉంది. బాబాయ్ కళ్లు తుడుచుకుని, బాగా రాశారన్నాడు. అక్క ఆ కార్డును తిప్పి, మళ్లీ తిప్పి చూసింది.

"ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. అదే దీని దరిద్రం," అంది. "ఇంకో మాట కలపండి. సంచి దించాక కూడా నొప్పి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి అని."

ఏజెంటు ఇబ్బందిగా కదిలాడు. "మేడమ్, సంచి కొనేవాళ్లకి డాక్టరు గుర్తుకు రాకూడదు మేడమ్."

"కార్డు మీద వద్దంటే లోపల కాగితం మీద. తోలు ఎలా తుడవాలో రాస్తారుగా, దాని కింద."

అతను అడిగి చూస్తానన్నాడు. అడిగాడు కూడా. అక్కడి లాయర్లు వద్దన్నారట. అలా రాస్తే సంచి వల్ల నొప్పి వస్తుందని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని వాళ్ల వాదన. ఆ వాదనలో కూడా తప్పు లేదు. లోకంలో చాలా పనులు తప్పులేని వాదనల మీదే నడుస్తాయని నా అనుభవం.

ఒప్పుకున్న సరుకు కుట్టకపోతే కార్ఖానాలో అందరి నోటి దగ్గరి కూడూ పోతుంది. అక్క కుట్టించింది. కానీ అచ్చులు చేసే మనిషి దగ్గరికి వెళ్లి ఒక ఇత్తడి అచ్చు పోయించుకొచ్చింది. దాన్ని కాల్చి తోలు మీద అద్దితే మాట పడుతుంది. మన అక్షరాల్లోనే, ఒకటే వరస. సంచి దించాక కూడా నొప్పి ఉందా, డాక్టరుకు చూపించు. ప్రతి సంచి లోపలి జేబు మూతకు వెనక, తన చేత్తోనే, ఒక్కొక్కటీ అద్దింది. తోలు కాలి సన్నగా పొగ లేచేది.

"వాళ్లకి చదవడం రాదు కదమ్మా," అన్నాడు బాబాయ్.

"మా చెల్లికి వచ్చుగా. ఏం ఒరిగింది?"

బాబాయ్ తల దించుకుని మిషను తొక్కాడు.

సంచులు వెళ్లిపోయాయి. కొన్నాళ్లకు ఏజెంటు పరుగున వచ్చాడు. ఆ జేబు వెనక నగిషీ అక్కడివాళ్లకు తెగ నచ్చిందట. తీగలా ఉందనీ, పూలలా ఉందనీ ముచ్చటపడ్డారట. ఈసారి దాన్ని లోపల దాచొద్దనీ, పట్టీ పొడుగునా బయటికి కనిపించేలా వేయమనీ అడిగారు. ఎవరికి ఏం అర్థం చెప్పాలో తోచక ఏజెంటు నగిషీ అనే ఒప్పేసుకున్నాడు. అక్క నవ్వుతుందేమో, మండిపడుతుందేమో అని నేను ఎదురుచూశాను. రెండూ చేయలేదు. అచ్చు తెచ్చి పట్టీ మీద పెట్టి, ఎక్కడ మొదలైతే ఎక్కడ ముగుస్తుందో కొలిచింది. భుజం వంపు దగ్గర, ఆ పల్లం పడే చోట, మాట విరగకుండా జరిపింది.

ఇప్పుడు పేరు కూడా తెలియని వీధుల్లో ఎందరో ఆడవాళ్లు ఆ మాటను భుజాన వేసుకుని తిరుగుతున్నారు. కార్ఖానా నుంచి మోతకు వెళ్లే పద్ధతి మాత్రం ఆగిపోయింది. పనిచేసే అమ్మాయిలు మేం మోస్తాం అక్కా అన్నారు. వద్దంది. కొంతకాలం తనే మోసింది. సాయంత్రం వచ్చి సంచి మేకుకు తగిలించి, ఎలా ఉందని బాబాయ్ అడిగితే, "ఏం తెలియడం లేదు" అనేది.

నేను ఆ గది ఖాళీ చేసే ముందు జరిగిన సంగతి ఒకటి ఉంది. పెట్టెలు మర్నాడే ఓడకు వెళ్లాలి. కార్ఖానా అంతా హడావుడి. బాబాయ్ పట్టీ కుడుతూ కుడుతూ ఆగి, అచ్చు పడిన అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. తర్వాత ఎవరికీ వినపడకూడదన్నట్టు అన్నాడు.

"నాకూ ఇక్కడ, రెక్క వెనక, కొంచెం లాగుతోంది. చాన్నాళ్లుగా."

అక్క చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. "మిషను మీద కూర్చోనప్పుడు కూడానా?"

"అప్పుడప్పుడూ."

"లేవండి."

"ఈ పట్టీ అయిపోనీ అమ్మా, నాలుగు కుట్లేగా."

ఆమె వెళ్లి మిషను స్విచ్చి ఆపేసింది. సూది తోలులో దిగి అలాగే నిలబడిపోయింది. పనివాళ్లంతా చూస్తుండగా ఆయన భుజం పట్టుకుని లేపి, చెప్పులు తొడిగించి, ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. అదే ఆకుపచ్చ గోడలు. ఎక్స్‌రే ఫొటోలు తీశారు, వేళ్లతో నొక్కారు, చేతులు ఎత్తించి దించారు. ఏమీ లేదు, ముసలితనం, వంగి కూర్చునే పని, కాస్త కండ పట్టేసింది, నూనె రాసుకోమని పంపించేశారు.

బయటికొచ్చాక బాబాయ్ దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

"నూనె రాసుకోమని చెప్పడానికి ఇంత తతంగమా! సగం పట్టీ మిషను మీదే ఉంది. పెట్టెలు కట్టేదెప్పుడు, ఓడ ఎక్కించేదెప్పుడు? ఏజెంటు వచ్చి నెత్తిన కూర్చుంటాడు."

"కూర్చోనీ."

"ఓడ వెళ్లిపోతే?"

"వెళ్లిపోనీ బాబాయ్."

బస్సు కోసం నిలబడ్డాం. ఎండ చిటపటలాడుతోంది. ఆయన ఆమె వైపు తిరిగి, ఇంతసేపు సణిగినందుకు సిగ్గుపడ్డట్టుగా, గొంతు తగ్గించి అడిగాడు.

"నన్ను లాక్కొచ్చావు సరే. నువ్వెప్పుడు చూపించుకుంటావమ్మా?"

"నాకెక్కడా నొప్పి లేదు బాబాయ్," అంది ఆమె, రోడ్డు వైపే చూస్తూ. "చెల్లి పోయినప్పటి నుంచి ఎక్కడా లేదు. అదే భయంగా ఉంది."